నొక్కినా పలకని ట్రిగ్గర్

శనివారం పొద్దున గోవిందరాజులు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. లేవడం, స్నానం, రెండు పెసరట్లు, ఒక కాఫీ, రైఫిల్ కారులో పెట్టుకుని ఒంటిగంటన్నరకల్లా క్లబ్బులో ఉండటం. ఇన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ సపోర్టులో పనిచేసిన మనిషికి ఇంత చిన్న ప్లాను కూడా చెడిపోగలదని తెలిసి ఉండాలి. కానీ ఆ పూట ఆయన సంతోషంలో ఉన్నాడు. సంతోషంలో ఉన్న మనిషికి తన ఉద్యోగం గుర్తుండదు.

సంతోషానికి కారణం లేకపోలేదు. నార్తాంప్టన్ ఊరి చివర ఒక పాత విలేజ్ హాలులో ఎయిర్ రైఫిల్ క్లబ్బు ఉంది. అట్టముక్కల మీద అచ్చేసిన గుండ్రాలకి గురిచూసి చిన్న సీసపు గుళ్ళు కాల్చడం, కాల్చాక టీ తాగడం, తాగాక ఎవరి కాలర్‌బోన్ ఎలా నొప్పి పెడుతోందో చెప్పుకోవడం అక్కడి కార్యక్రమం. గోవిందరాజులు అందులో మూడేళ్ళుగా సభ్యుడు. జట్టుకి నలుగురే. ఆ నలుగురిలో ఆయన పేరు ఒక్కసారీ రాలేదు. మ్యాచ్ ఉన్న ప్రతిసారీ కుర్చీలు వేయడం, టీ పెట్టడం ఆయన వంతు. టీ బాగా పెడతాడని పేరు కూడా వచ్చేసింది. ఆయన బాధంతా అదే.

ఈసారి జట్టులో ఒకాయనకి భుజం పట్టేసింది. కెప్టెన్ బ్రయాన్ ఫోన్ చేసి, "గోవింద్, శనివారం నువ్వు కాలుస్తున్నావు. నువ్వు గాని రాకపోతే నాలుగో మనిషి లేడు, మ్యాచ్ వదిలేసుకోవాల్సిందే" అన్నాడు.

ఆ ఒక్క మాటకి గోవిందరాజులు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. రైఫిల్‌తో పాటు వచ్చిన ట్రిగ్గర్‌ని విప్పేసి, డెర్బీషైర్‌లో సొంత గ్యారేజీలో ట్రిగ్గర్లు తయారుచేసి అమ్మే ఒకాయన దగ్గర కొత్తది తెప్పించి బిగించాడు. గురువారం సాయంత్రం క్లబ్బులో కాల్చి చూస్తే, వేలు అనుకోవడం, గుండు వెళ్ళడం ఒకేసారి జరిగాయి. ఇంటికొచ్చి మెట్ల కింద ఉన్న ఇనప బీరువాలో దాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి తాళం వేసి, తాళంచెవి ఎప్పటిలాగే దేవుడి గూట్లో పెట్టాడు.

శనివారం పెసరట్లు తిన్నాక దాన్ని బయటికి తీశాడు. లోపల గుండు లేదని రెండుసార్లు చూసుకున్నాడు. గోడవైపు తిప్పి నొక్కాడు.

ఏమీ కాలేదు. ముద్దపప్పులో వేలు పెట్టినట్టు ట్రిగ్గర్ మెత్తగా లోపలికి పోయి, అక్కడే కూర్చుంది.

సేఫ్టీ చూశాడు. తీసే ఉంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ముద్దపప్పే. గోవిందరాజులు గాభరా పడలేదు. ఇలాంటివి ఆఫీసులో ఎన్ని చూడలేదు. ఏ యంత్రమైనా ఊరికే చెడదు, ఎవరో ఏదో మార్చి ఉంటారు. ఎవరు మార్చారో, ఏం మార్చారో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

వంటింట్లో కాంతం గారెల పిండి రుబ్బుతోంది. ఆ రోజు విజయదశమి. మధ్యాహ్నం నైవేద్యానికి పులిహోర, గారెలు, సేమ్యా పాయసం.

"కాంతం, నా రైఫిల్ గాని ముట్టుకున్నావా?"

"నేనెందుకు ముట్టుకుంటానండి? నాకేం పని దాంతో?"

"నిన్న నేను బ్రాక్‌నెల్ ఆఫీసుకెళ్ళాక ఎవరైనా వచ్చారా?"

"పార్సిల్ అబ్బాయొచ్చాడు. అతను మీ రైఫిల్ సంగతి అడగలేదు."

యూజరు శుద్ధం, కాబట్టి తప్పు సరుకుదే అని గోవిందరాజులు తేల్చేశాడు. డెర్బీషైర్ ఆయనకి వీడియో కాల్ చేశాడు. ఆయన ఇంకా డ్రెస్సింగ్ గౌనులోనే ఉన్నాడు.

"గురువారం పనిచేసింది, శనివారం చేయట్లేదు. మీ ట్రిగ్గర్ రెండు రోజులకే పోయింది."

"ఈలోగా మీరేమైనా మార్చారా?"

"ఏమీ మార్చలేదు" అన్నాడు గోవిందరాజులు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. తన సర్వీసులో ప్రతి యూజరూ తనకి చెప్పిన మాట అదే. అందులో ఒక్కటీ నిజం కాలేదు.

"కొంచెం దగ్గరగా చూపించండి. ట్రిగ్గర్ పక్కన సందులో ఆ పచ్చటిదేంటి? తుప్పా?"

గోవిందరాజులు కళ్ళజోడు పైకి జరిపి చూశాడు. పచ్చగా ఉంది. దాని పక్కన ఎర్రగా కూడా ఉంది. వేలు పెట్టి గోకి, వాసన చూశాడు. గంధం.

"మళ్ళీ కాల్ చేస్తాను" అని ఫోన్ పెట్టేసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"కాంతం. ముట్టుకోలేదన్నావు."

"ముట్టుకోలేదు. పూజ చేశాను" అంది కాంతం, గ్రైండరు ఆపకుండా. "నిన్న ఆయుధపూజ కదా. పూజ చేయడం ముట్టుకోవడమా?"

"పూజా? దానికా?"

"మరి? ఈ దేశం వచ్చిన కాడ్నుంచి ఆయుధపూజకి కూరల కత్తికీ, మిక్సీకీ, ఇల్లూడ్చే హూవర్‌కీ బొట్లు పెడుతున్నాను. ఇంట్లోకి నిజంగా ఒక ఆయుధం వస్తే దాన్ని వదిలేసి హూవర్‌కి పెట్టమంటారా? ఇవాళ మీ మ్యాచ్ కూడాను. మంచి జరగాలనే కదా చేశాను."

"ఏమేం పెట్టావు?"

"బొట్టే."

"బొట్టు ఒక్కటేనా?"

"పసుపు రాసి, పైన బొట్టు పెట్టాను."

"మరి ఈ గంధం?"

"బొట్టు నిలవద్దూ? కింద గంధం పూశాను. కాస్త పల్చగా అయింది, లోపలికి కారింది. మీకు నచ్చదని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచే పెట్టాను కదండీ."

తడిగుడ్డ పుణ్యమా అని పైనున్నది కూడా లోపలికే వెళ్ళిందని గోవిందరాజులుకి అర్థమైంది. కోపం తెచ్చుకుందామనుకున్నాడు గాని, తన మేలు కోరి చేసిన మనిషి మీద కోపం సరిగా అంటుకోలేదు. చొక్కా చేతులు మడిచాడు. ఇంకా టైముంది. ఇవాళ ఎలాగైనా కాల్చి తీరాలి.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. వచ్చింది సుబ్బరాజు. రెండు వీధుల అవతల ఉంటాడు. భీమవరం మనిషి. పండగరోజు గారెల వాసన ఆయనకి ఎవరూ ఫోన్ చేసి చెప్పనక్కర్లేదు.

"ఏంటండీ గోవిందంగారూ, తుపాకీ పట్టుకుని నించున్నారు? చెల్లెమ్మ గారెలు వద్దందా?"

సంగతి చెప్పాడు గోవిందరాజులు. సుబ్బరాజు మీసం దువ్వుకున్నాడు.

"ఓస్, ఇంతేనా. మా తాతగారికి జంట గొట్టాల తుపాకీ ఉండేదండి. ఒకసారి అది కొల్లేట్లో పడిపోయింది. తీసి ఎండలో పెట్టారు, టకీమని పేలింది."

"పేలితే ఏమైంది?"

"ఆయన మళ్ళీ వేటకెళ్ళలేదనుకోండి. అది వేరే కథ. ముందు దీన్ని ఎండబెట్టాలి."

నార్తాంప్టన్‌లో అక్టోబరు నెలలో ఎండ ఎక్కడుంటుంది. కాంతం వాడే హెయిర్ డ్రయ్యర్ తెచ్చారు. సుబ్బరాజు ట్రిగ్గర్‌కి వేడిగాలి పట్టాడు, పెళ్ళికూతురి జుట్టు ఆరబెట్టినంత శ్రద్ధగా. అయ్యాక గోవిందరాజులు నొక్కి చూశాడు. ఇందాక కనీసం మెత్తగానైనా కదిలిన ట్రిగ్గర్ ఇప్పుడు అసలు కదల్లేదు. గంధం, పసుపు, కుంకుమ కలిసి లోపల సిమెంటైపోయాయి.

"చూశారా, గట్టిపడింది" అన్నాడు సుబ్బరాజు, అదే తను కోరుకున్నట్టు.

"రాజుగారూ, మీరు కూచోండి. కూచుంటే చాలు."

ఇక విప్పడం తప్ప దారి లేదు. డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచాడు. ట్రిగ్గర్ ఊడదీసి, పాత టూత్‌బ్రష్‌తో, గోరువెచ్చటి నీళ్ళతో ఒక్కో ముక్కా కడిగాడు. లోపల ఒక చిన్న ఇనప కొక్కెం ఉంది. అది జారితేనే రైఫిల్ పేలుతుంది. పండగ మొత్తం దాని మీదే జరిగినట్టుంది. ఓపిగ్గా గీకి, తుడిచి, ఆరబెట్టి, అన్నీ వరసగా పేర్చాడు. టేబుల్ ఆ చివర కాంతం పులిహోర బేసిన్, గారెల పళ్ళెం, పాయసం గిన్నె తెచ్చి పెట్టింది. వంటింట్లో చోటు లేదట.

ఆఖరున మిగిలింది కొక్కేన్ని వెనక్కి లాగి పట్టుకునే స్ప్రింగు. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది. గోవిందరాజులు దాన్ని పట్టకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి, గాడిలో పెట్టబోయాడు.

"జాగ్రత్తండీ" అన్నాడు సుబ్బరాజు, చెవి పక్కన.

స్ప్రింగు ఎగిరిపోయింది. టింగుమని చిన్న చప్పుడు మాత్రం వినిపించింది. వంటలవైపు వెళ్ళిందని ఇద్దరూ చూశారు. ఎందులో పడిందో ఎవరూ చూడలేదు.

గోవిందరాజులు పట్టకారు కింద పెట్టి పులిహోర బేసిన్ వైపు చెయ్యి చాపాడు.

"నైవేద్యం కాలేదు" అంది కాంతం గుమ్మంలోంచి. "ఎవరైనా వాటిలో చెయ్యి పెట్టారంటే ఊరుకోను."

"చెయ్యి కాదే, స్ప్రింగు పడింది. అది లేకపోతే నేను కాల్చలేను. నేను కాల్చకపోతే క్లబ్బు మ్యాచే లేదు."

కాంతం ఆయన మొహం చూసింది. మూడేళ్ళుగా మ్యాచ్ రోజుల్లో ఈ మనిషి టీ పెట్టి ఇంటికొచ్చి, ఎవరెవరు ఎంత కొట్టారో వర్ణిస్తుంటే విన్నది ఆవిడే. "సరే వెతకండి. దేవుడికి మళ్ళీ వండుకుంటాను" అంది.

బేసిన్‌లోని పులిహోర దుప్పటి మీద పరిచారు. మెతుకు మెతుకూ చూశారు. గారెలు ఒక్కోటి విరిచి చూశారు. సుబ్బరాజు చూసిన గారెలు మళ్ళీ పళ్ళెంలోకి రాలేదు. ఆయన లోపలే వెతుకుతున్నాడు. చివరికి పాయసం మిగిలింది. టీ వడకట్టేది ఎక్కడుందో వెతికే ఓపిక గోవిందరాజులుకి లేకపోయింది. అడుగున గట్టిగా ఏదో కనిపిస్తోందని చూపుడువేలు దించాడు.

పాయసం అప్పుడే పొయ్యి మీంచి దిగింది.

వేలు కుళాయి కింద పెట్టుకుని నిలబడ్డాడు. గట్టిగా తగిలింది జీడిపప్పు.

"ఇంక దేన్లో ఉంటుందబ్బా" అంటూ దుప్పటి మీది పులిహోర కేసి చూసి, "ఇదేంటి కాంతం, బేసిన్ నిండా ఉండాలి కదా, ఇంత తక్కువుందేం?" అన్నాడు.

"ఇందాక మీరు దుప్పటి కోసం పైకెళ్ళినప్పుడు, పైపైన చూస్తే ఏమీ కనబడలేదని, పాలీన్‌కి డబ్బాలో పెట్టిచ్చొచ్చాను కదా. ఏటా ఇస్తాం కదండీ. ఆవిడది దేవుడికి పెట్టిందైనా కాకపోయినా ఒకటే."

పాలీన్ పక్కింటావిడ. డెబ్బై దాటింది, ఒక్కతే ఉంటుంది, పొద్దున్నే చెత్తడబ్బాలు ఎవరివి ఎక్కడ పెట్టారో కిటికీలోంచి సరిచూసుకుంటుంది. అంతకుమించి ఆవిడ గురించి వీళ్ళకేమీ తెలియదు. గోవిందరాజులు తడి వేలితోనే పరుగెత్తి తలుపు కొట్టాడు. ఆవిడ తలుపు తీసింది. చేతిలో డబ్బా, డబ్బాలో చెంచా.

"పాలీన్, దయచేసి తినకండి. అందులో తుపాకీ ముక్క ఉండొచ్చు."

పాలీన్ డబ్బాలోకి చూసింది. డబ్బా ఖాళీ. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే గాని, ఎవర్నైనా 'లవ్' అని పిలిచే ఆ తీరు మాత్రం మన మేనత్తల తీరే.

"ముందే చెప్పాలి లవ్, ఇలాంటివి. ఏదో కరకరలాడింది, అదేనేమో అది."

"కరకరలాడిందా? మింగేశారా?"

"ఉమ్మేయడం మర్యాద కాదుగా. తుపాకీలో ఏ ముక్క?"

"ట్రిగ్గర్ స్ప్రింగు."

"ఆహా" అంది పాలీన్, ఎందుకో ఆసక్తిగా.

గోవిందరాజులు గుమ్మంలోనే నిలబడిపోయాడు. టైము పన్నెండు దాటింది. శనివారం హాస్పిటల్‌కి తీసుకెళితే ఎక్స్‌రే తీసేసరికి చీకటి పడుతుంది. మ్యాచ్ పోతుంది. మూడేళ్ళ తరవాత వచ్చిన ఒక్క చోటూ పోతుంది, బ్రయాన్ ముందు మాట పోతుంది. ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి నిశ్చయించుకున్నాడు.

"కోటు వేసుకోండి పాలీన్. హాస్పిటల్‌కి వెళదాం."

"వేరుశనగపప్పు కూడా కరకరలాడుతుంది డియర్."

"అది తేలేదాకా నేను వెళ్ళలేను. కోటు వేసుకోండి."

ఆవిడని కారులో కూచోబెట్టి బెల్టు పెట్టేసరికి ఇంట్లోంచి సుబ్బరాజు ఫోన్ చేతిలో పట్టుకుని పరుగున వచ్చాడు.

"గోవిందంగారూ, దొరికిందండి. ఇదిగో."

ఆయన ఫోన్ కవరుకి మూత పడేచోట అయస్కాంతం ఉంటుంది. ఆ అయస్కాంతానికి స్ప్రింగు బుద్ధిగా అంటుకుని ఉంది. ఇంతసేపూ ఫోన్ గారెల పళ్ళెం పక్కనే ఉందట.

"ఎలా కనిపించింది?"

"మా ఆవిడ ఫోన్ చేసిందండి, ఎన్ని తిన్నావని. ఎత్తబోతే వేలికి గుచ్చుకుంది."

గోవిందరాజులు ఆయన్ని ఏమీ అనలేదు. అనాలంటే టైము కావాలి. లోపలికి పరుగెత్తాడు. ఈసారి సుబ్బరాజుని గార్డెన్‌లో నిలబెట్టి తలుపు గడియ పెట్టాకే ట్రిగ్గర్ ముందు కూర్చున్నాడు. స్ప్రింగు గాడిలో కూర్చుంది. కొక్కెం కదిలింది. గోవిందరాజులు గుండు లేదని చూసుకుని, గోడవైపు తిప్పి, మండుతున్న వేలితో నొక్కాడు.

టిక్. గురువారం కంటే తియ్యగా ఉంది. మళ్ళీ నొక్కాడు. టిక్. ఇంకోసారి ఊరికే నొక్కాడు, వినాలనిపించి.

రైఫిల్ సంచీతో బయటికొస్తే పాలీన్ ఇంకా కారులోనే ఉంది.

"పాలీన్, స్ప్రింగు దొరికింది. మీరు ఇంటికెళ్ళొచ్చు."

"కోటు వేసేసుకున్నాను లవ్. వేసుకున్న కోటుతో మళ్ళీ ఇంట్లో కూచోమంటావా?"

వాదించడానికి వ్యవధి లేదు. కారు పోనిచ్చాడు. దారిలో ఆవిడ ఒకటీ అరా అడుగుతూనే ఉంది. జట్టులో ఎంతమంది, ఎన్ని గజాల దూరం, కెప్టెన్ ఎవరు, ఎవరైనా కాల్చలేకపోతే ఏం చేస్తారు.

"చేయడానికేం లేదు పాలీన్. నేనే ఆఖరు మనిషిని."

"అలాగా పాపం" అంది ఆవిడ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

హాలు ముందు కారు ఆపేసరికి ఒంటిగంటన్నరకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. గోవిందరాజులు దిగి, గెలిచేసినంత గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. పాలీన్ కారులోని ఫస్ట్ ఎయిడ్ డబ్బా తీసి పట్టుకుంది.

"ఏదీ, ఆ వేలు ఇలా ఇవ్వు."

"ఫర్వాలేదు పాలీన్, కొంచెం మంటగా ఉంది, అంతే."

"ముప్ఫై ఏళ్ళు వార్డు సిస్టర్‌గా చేశాను. ఫర్వాలేదో లేదో నేను చెబుతాను."

ఆవిడ వేలికి మందు రాసింది. దూది పెట్టింది. గాజుగుడ్డ చుట్టింది. మళ్ళీ చుట్టింది. పైన టేపు వేసింది. అయ్యేసరికి వేలు బంగాళాదుంప బోండాలా తయారైంది.

"రేపటిదాకా విప్పకూడదు. విప్పితే ఇన్‌ఫెక్షన్."

లోపల అవతలి జట్టు వచ్చేసి ఉంది. బ్రయాన్ గోవిందరాజుల్ని చూసి చెయ్యి ఊపాడు. "వచ్చావా. ట్రయల్ షాట్లు వేసుకో."

గోవిందరాజులు చాప మీద పడుకున్నాడు. గురి చూశాడు. వేలు ట్రిగ్గర్ మీదికి పోనిచ్చాడు. పోలేదు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప చట్రంలో బోండా పట్టలేదు. పక్కనుంచి ప్రయత్నించాడు, కిందనుంచి ప్రయత్నించాడు. పొద్దున్నుంచి ట్రిగ్గర్ కదలక చచ్చాడు, ఇప్పుడది కదలడానికి సిద్ధంగా ఉంటే వేలు దాని దగ్గరికి చేరడం లేదు. వదిలే మనిషి కాదు గనక మధ్యవేలు పెట్టాడు. వెన్నలాంటి ట్రిగ్గర్, అలవాటులేని వేలు. గుండు వెళ్ళి పక్క వరసలో అవతలి జట్టువాళ్ళ అట్ట మధ్యలో దిగింది.

"థ్యాంక్యూ" అన్నాడు అవతలి జట్టాయన.

బ్రయాన్ వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూచుని, వేలు చూసి, నిట్టూర్చాడు. "ఇంక మనకి నాలుగో మనిషి లేడన్నమాట."

"ఉందేమో చూడు బ్రయాన్" అంది వెనకనుంచి పాలీన్.

బ్రయాన్ తల తిప్పి చూసి, గబుక్కున లేచి నిలబడ్డాడు. హెడ్‌మిస్ట్రెస్ వచ్చినట్టు చొక్కా సర్దుకున్నాడు. "పాలీన్? నువ్వు మానేశావు కదా."

"మోకాలి ఆపరేషన్ అయ్యాక రావడం మానేశాను. మెంబర్‌షిప్ మానలేదు. నువ్వే ఏటా క్రిస్మస్ కార్డుతో పాటు రిన్యూవల్ పంపిస్తావు, మర్చిపోయావా. కాస్త ఆ చాప మీదికి దింపండి నన్ను."

ఇద్దరు పట్టుకుని దింపారు. పాలీన్ గోవిందరాజులు రైఫిల్ అందుకుంది. చెంప ఆనించింది. కిటికీలోంచి చెత్తడబ్బాలు చూసే చూపే, కాకపోతే ఒక కన్ను మూసి. పది గుళ్ళు కాల్చింది. వందకి తొంభై ఏడు.

"ట్రిగ్గర్ ఎంత బావుందో లవ్" అంది ఆవిడ, చాప మీదనుంచే. "ఎవరు సరిచేశారు దీన్ని?"

"నేనే" అన్నాడు గోవిందరాజులు.

"మంచి చెయ్యి నీది" అంది ఆవిడ.

క్లబ్బు రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. అందరూ పాలీన్ చుట్టూ చేరారు. ఎవరో గోవిందరాజులు భుజం తట్టి, కెటిల్ ఎక్కడుందని అడిగారు. ఆయన ఎడమచేత్తోనే టీ పెట్టాడు. ఎప్పటిలాగే బాగుందన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాంతం రెండో పాయసం చేసి, నైవేద్యం పెట్టి, సుబ్బరాజుని ఇంటికి పంపించేసింది.

"ఏమండీ, కాల్చారా?"

"మన రైఫిల్ గెలిచింది" అన్నాడు గోవిందరాజులు, సోఫాలో కూలబడి. జరిగిందంతా చెప్పాడు.

కాంతం విని, జాలిపడి, ఆయన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. "ఈ చేత్తో అన్నం ఎలా తింటారు. ఇన్‌ఫెక్షన్ వస్తే వచ్చింది, ఒకసారి చూద్దాం" అని టేపు ఊడదీసి, గుడ్డ చుట్టు మీద చుట్టు విప్పుకుంటూ పోయింది. చాలాసేపు విప్పింది. దూది తీశాక వేలు బయటపడింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. దీపం దగ్గరికి జరిపి చూసింది.

"ఇదేంటండీ, పొక్కన్నా లేదు. ఎర్రగా కూడా లేదు."

గోవిందరాజులు వేలు ముడిచాడు, చాపాడు. శుభ్రంగా ఆడింది.

మర్నాడు పొద్దున పాలీన్ కడిగిన డబ్బా తెచ్చి ఇచ్చింది. పులిహోర చాలా బావుందనీ, ఆ కరకరలాడేవి ఇంకాసిన్ని వేయొచ్చనీ కాంతానికి చెప్పింది. వెళుతూ వెళుతూ గోవిందరాజులు వైపు తిరిగి, వచ్చే శనివారం మ్యాచ్‌కి ఎన్నింటికి బయలుదేరదామని అడిగింది.

అప్పటినుంచి గోవిందరాజులు పక్కింటావిడతో మాట్లాడేటప్పుడు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకునే మాట్లాడతాడు.